సమజైందా అని అడగొద్దు

పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్లు నాకొక శాలువా కప్పి, ఒక జ్ఞాపిక చేతిలో పెట్టారు. శాలువాకు వంక పెట్టను. జ్ఞాపిక మీద మాత్రం నా పేరు కింద ‘ఇంటీరియర్ డిజైనర్’ అని చెక్కి ఉంది. నేను చేసిన ఉద్యోగం ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్. తప్పు చూపిస్తే మార్చి పంపుతామన్నారు. ఇప్పటికీ పంపలేదు. నేనూ మళ్లీ అడగలేదు. అడిగితే పంపేస్తారేమో, నా ఫిర్యాదు తీరిపోతుందేమో అని భయం. దాన్ని షోకేసులో ముందు వరుసలో పెట్టాను. ఇంటికి వచ్చినవాళ్లలో కొందరు మా గోడల రంగు చూసి, మళ్లీ జ్ఞాపిక వైపు చూసి, ఏమీ అనకుండా చాయ్ తాగి వెళ్తారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి అనుభవాలు చెప్పమంటారు. చెబుతాను. ప్రమోషన్ల గురించి మాత్రం అడగొద్దు. వచ్చినవాటికి ఒక పేజీ చాలు. రానివాటికి పుస్తకం కావాలి.

మధ్యలో కూర్చునే పని

ముందు పని ఏమిటో చెప్పాలి. మా బంధువులకు ఇప్పటికీ తెలియదు. డిజైనర్ అనగానే సగంమంది పెళ్లి ఫ్లెక్సీ చేసిపెట్టమన్నారు, మిగతా సగం జాకెట్టు కుట్టమన్నారు.

బోరు మోటారు బాగుచేసేవాడిని నేర్పమని అడగండి. “గిట్ల పెట్టి గట్ల తిప్పాలె, గంతే” అంటాడు. అతని చేతికి అంతా తెలుసు, నోటికి రాదు. ఎదురుగా నేర్చుకునేవాడు తల ఊపుతాడు. అతనికి ఏమీ తెలియదు, ఆ సంగతి చెప్పడానికి మొహమాటం. వీళ్లిద్దరి మధ్య కూర్చునే మనిషి ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్. ఏది ముందు చెప్పాలి, ఏది చెప్పకుండా చేయించాలి, ఎక్కడ తప్పు చేయనివ్వాలి అన్నది ఆలోచించి పాఠం కట్టడం మా పని. ఆ పాఠం కాగితం మీద ఉండొచ్చు, ఫోనులో ఉండొచ్చు.

ఈ పనికి అసలు శత్రువు ఒకే ఒక్క మాట: “సమజైందా?” మా సిద్దిపేట వైపు పెద్దవాళ్లు గానీ, సారు గానీ అలా అడిగితే జవాబు ఒకటే, “సమజైంది సార్.” అర్థమైందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. అది మర్యాద. కాలేదంటే సారుకు చెప్పడం రాదన్నట్టు అవుతుంది, అంత మాట మనవాళ్లు అనరు. అందుకని నేను ఎక్కడ శిక్షణ ఇచ్చినా మొదట చెప్పేది ఇదే. సమజైందా అని అడగొద్దు. వస్తువు చేతికిచ్చి చూడండి. చెయ్యి ఎక్కడ ఆగితే పాఠం అక్కడ మొదలుపెట్టండి.

ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో నాకే అవసరపడుతుంది.

నా చదువు, నాకు జరిగిన మర్యాదలు

ఈ ఉద్యోగానికి చదువు ఉంటుందని నాకు మొదట తెలియదు. సిద్దిపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. పిల్లలను బల్లల చుట్టూ నిలబెట్టి నీళ్లు, దీపం, గాజు గ్లాసు ఇచ్చి చేయించేదాన్ని. బడి యజమాని కిటికీలోంచి చూసి, నా తరగతిలో పిల్లలు మాట్లాడుతున్నారని, పక్క తరగతిలో ఎంత నిశ్శబ్దంగా ఉందో చూసి నేర్చుకోమని అందరి ముందూ అన్నాడు. పక్క తరగతిలో టీచరు నిద్రపోతున్నాడు. ఆ సంగతి నేను అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

పెళ్లయ్యాక దూరవిద్యలో బీఎడ్ చదివాను. నలభై దాటాక హైదరాబాదులో ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ డిప్లొమాలో చేరాను. వారాంతాల్లో బస్సులో పోయి రావడం. మొదటి రోజు కౌంటర్లో కుర్రాడు నన్ను చూసి, “మీ పాప రాలేదా అమ్మా?” అని అడిగాడు. గళ్ల చొక్కా వేసుకున్నాడు, ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ. ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను. తరగతిలో అందరూ ఆంటీ అని పిలిచారు. పరీక్షలు దగ్గరపడ్డాక, నా నోట్సు కావాల్సి వచ్చి, అదే నోళ్లు అక్కా అన్నాయి. నోట్సు ఇచ్చాను. గుర్తూ పెట్టుకున్నాను.

ఆ చదువులో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చెప్పింది: నేర్చుకునేవాడి తప్పును మీరు తిట్టి చెప్పకండి, తప్పు ఫలితం అతనికే కనిపించనివ్వండి. అది చదివి నాకు కోపం వచ్చింది. అది మా అత్త పద్ధతి.

మా అత్త పేరు రాజవ్వ. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమె నాకు సర్వపిండి నేర్పింది. నేర్పిందంటే, ఒక్క మాట చెప్పలేదు. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శెనగపప్పు కలిపి గిన్నె లోపల అంటించి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి చేసి చూపించింది. తర్వాత గిన్నె నా ముందు పెట్టింది. నేను అంటించింది మధ్యలో మందంగా, పచ్చిగా వచ్చింది. ఆమె తిట్టలేదు. తను చేసినది అందరికీ వడ్డించి, నేను చేసినది నాకు వేసింది. అదంతా నేనే తిన్నాను. మరునాడు మళ్లీ గిన్నె పెట్టింది. తినలేక నేర్చుకున్నాను. ఆ పచ్చిపిండి రుచిని నేను క్షమించలేదు. కానీ నేను కట్టిన ప్రతి పాఠంలో అది ఉంది.

నెక్స్ట్ సార్

నేను ఎక్కువ కాలం పనిచేసింది ఒక బాసు కింద. ఆయన అసలు పేరు రాయను. మేము చాటుగా పెట్టుకున్న పేరు నెక్స్ట్ సార్. ఏ పాఠమైనా తెర మీద కింద ‘నెక్స్ట్’ బటన్ ఉంటే సగం పని అయిపోయినట్టే అని ఆయన నమ్మకం. చివరికి ఒక పరీక్ష పెడితే మిగతా సగం. చెడ్డ మనిషి కాదు, తెలివైనవాడు. ఇంగ్లీషు ఇస్త్రీ చేసినట్టు మాట్లాడేవారు. ఆయన లోపం ఒక్కటే: నేర్చుకోవడం అనేది కొత్తగా చేరినవాళ్లకు వచ్చే జబ్బు అనుకునేవారు.

ఒక ఏడాది కొత్త పద్ధతుల మీద శిక్షణకు పేర్లు పంపుతూ నా పేరు తీసేశారు. ఎందుకని అడిగితే నవ్వుతూ, “మీకెందుకు మేడమ్, ఇంకెన్నాళ్లుంటారని?” అన్నారు. ఆ మాటకు నాలుగు రకాల అర్థాలున్నాయి, ఏదీ బాగాలేదు. నేను సెలవు పెట్టి, సొంతంగా అదే శిక్షణకు వెళ్లాను. మా ఆఫీసు పంపినవాళ్ల వెనక వరుసలో కూర్చున్నాను. అప్పటినుంచి ప్రతి ఏడాదీ ఏదో ఒకటి కొత్తది నేర్చుకున్నాను. వీడియో కత్తిరించడం, బొమ్మలు కదిలించడం, ఈ మధ్య కంప్యూటరును ప్రశ్నలడిగి పని చేయించుకోవడం. జీవితాంతం నేర్చుకోవాలని సభల్లో పెద్దలు చెబుతుంటారు. వాళ్లను ఏది నడిపిస్తుందో నాకు తెలియదు. నన్ను నడిపించింది పంతం.

అందరూ తప్పిన ప్రశ్న

బాలింతల ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డల బాగోగులు చూసే కార్యకర్తల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ మాతో ఫోను పాఠం చేయించుకుంది. పాఠం చివర పరీక్ష. రెండుసార్లు తప్పితే ఉద్యోగం లేదు. పాఠం నేను కట్టాను. పరీక్ష మాత్రం నెక్స్ట్ సార్ తనే రాశారు, నాకు నేర్చుకునేవాళ్ల మీద మెత్తదనం ఎక్కువని.

ఆ కార్యకర్తల్లో మా ఆడబిడ్డ కూతురు స్వరూప ఉంది. నంగునూరులో ఉంటుంది. భర్త బొంబాయి దగ్గర భివండి మగ్గాల మీద పనిచేసి, ఊపిరితిత్తులు చెడి ఇంటికొచ్చాడు. ఈ ఉద్యోగం నిలబడితేనే ఆ ఇల్లు నడుస్తుంది. స్వరూప చురుకైనది. అలాంటిది, మొదటిసారి తప్పింది.

తప్పింది ఒక్క ప్రశ్న దగ్గర. ‘మీరు బాలింత ఇంటికి వెళ్లారు. గుమ్మం దగ్గర అత్తగారు కూర్చుని ఉన్నారు. ముందు ఎవరితో మాట్లాడతారు?’ సార్ లెక్కలో సరైన జవాబు: నేరుగా బాలింతతో. ఈ ప్రశ్న తప్పితే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది, అంత ముఖ్యమైనదిగా పెట్టారు. ఏది సరైన జవాబో ఫోను చెప్పదు. స్వరూప అత్తతో అని పెట్టింది. స్వరూప ఒక్కతే కాదు. మా వైపు కార్యకర్తలు దాదాపు అందరూ అదే జవాబు పెట్టి, అక్కడే ఆగిపోయారు.

స్వరూప మా ఇంటికి వచ్చింది. వంటింట్లో నా పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

“అత్తమ్మా, మీ ఆఫీసు పరీక్షనే గదా. గా ఒక్క జవాబు చెప్పరాదు.”

నోటిదాకా వచ్చింది. ఒక్క ముక్క చెబితే ఆమె ఉద్యోగం నిలబడుతుంది. కానీ నేను జవాబు అమ్ముకునే మనిషినైతే ఇన్నేళ్ల చదువు ఎందుకు? పైగా చెబితే ఆమె ఒక్కతే గట్టెక్కుతుంది, మిగతావాళ్లు అక్కడే ఉంటారు, ఆ తప్పు ప్రశ్నా అక్కడే ఉంటుంది. చెప్పనన్నాను.

“పోనీ, నేరుగ కోడలుతోనే మాట్లాడాలె అని పెడితే పాసయితనా?” అంది. పిల్ల తెలివి అలాంటిది. నేను ఉల్లిగడ్డ తరగడం మొదలుపెట్టాను. ఆమె నా ముఖం చూసి అర్థం చేసుకుంది. కానీ ఊరుకోలేదు.

“అట్లయితే నేను పెట్టను అత్తమ్మా. దర్వాజకాడ కూసున్న ముసలామెను దాటిపోతె రెండోపారి ఆ ఇంట్లకు ఎవలు రానిస్తరు? ఉద్యోగం కోసం అబద్ధం రాయమంటవా?”

నా రక్తం కాకపోయినా, పంతంలో నా ఇంటి పిల్లే. వాళ్ల అమ్మకు, అంటే మా వదినకు, ఇది తెలిసి ఫోను చేసింది. “సొంత మేనకోడలికి ఒక్క జవాబు చెప్పకపోతివి. నీ చదువుల మన్నువడ” అని ఫోను పెట్టేసింది. ఏడాదిదాకా మాట్లాడలేదు. ఆ ఏడాదిలో నాకు రావలసిన పసుపుబొట్టు చీర కూడా రాలేదు. అదీ గుర్తుంది.

నేను నెక్స్ట్ సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఒకరిద్దరు తప్పితే తప్పు వాళ్లది, ఒక ప్రాంతమంతా ఒకేలా తప్పితే తప్పు ప్రశ్నది అని. ఆయన శ్రద్ధగా విన్నారు, వినడం ఆయనకు బాగా వచ్చు. తర్వాత, తల్లికి నేరుగా సమాచారం అందాలని, మధ్యలో అత్తగారు ఉంటే సమాచారం వంకర పోతుందని చెప్పారు. ఆ మాటలో నిజం ఉంది, ఒప్పుకున్నాను. “మీ బంధువు ఉన్నారట కదా మేడమ్, అందుకే కాస్త...” అని ఆ తర్వాత అన్నారు. వాక్యం పూర్తిచేయలేదు. నేను మనసులో పూర్తిచేసి దాచుకున్నాను.

రెండో పరీక్షకు గడువు దగ్గరపడుతోంది.

కరెంటు బిల్లు

తప్పినవాళ్లు ఎందుకు తప్పారో చూడటానికి నెక్స్ట్ సార్ హైదరాబాదు నుంచి సిద్దిపేట వస్తానన్నారు. మంచిదే. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రమ్మన్నాను. నేను వేరే ఏ ఎత్తూ వేయలేదు. వేసి ఉంటే ఇంత బాగా కుదిరేది కాదు.

అది కొమురవెల్లి జాతర ఆదివారం. దారంతా బండ్లు, మల్లన్నకు ముగ్గుల పట్నాలు వేయడానికి పోయేవాళ్లు. ఆయన కారు ఇరుక్కుని ఆలస్యంగా వచ్చారు. మా అత్త తన ప్లాస్టిక్ కుర్చీలో దర్వాజ పక్కన కూర్చుని ఉంది. సార్ చెప్పులు విడిచి, ఆమె మోకాళ్ల పక్కనుంచి నేరుగా లోపలికి వచ్చి, వంటింటి గుమ్మంలో ఉన్న నాతో, “సారీ మేడమ్, ట్రాఫిక్. ఇంట్లో అందరూ బాగున్నారా? ఆరోగ్యాలు?” అన్నారు.

బయటినుంచి మా అత్త గొంతు వచ్చింది.

“పద్మా, గా లోపటికొచ్చినాయన ఎవలే? కరెంటు బిల్లుకొచ్చిండా?”

మా ఆఫీసు సార్ అని చెప్పాను. ఆమె కుర్చీని వీధి వైపు తిప్పుకుని కూర్చుంది. వడ్డన వేళకు లేచొచ్చింది. ఆ రోజు సర్వపిండి తనే చేసింది. అందరికీ వేసింది. సార్ పళ్లెం దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఎత్తి లోపల పెట్టేసింది. నాకు సిగ్గేసింది, అంతకంటే కాస్త ఎక్కువగా సంతోషం వేసింది.

సార్ పప్పన్నం కలుపుతూ నన్ను మెల్లగా అడిగారు. “నేనేమైనా తప్పు చేశానా? ఆవిణ్ణి నేనేమీ అనలేదే.”

“అనలేదనే సార్,” అన్నాను. “మీరు ఇప్పుడే మీ ప్రశ్నకు జవాబు రాశారు. మీ లెక్కలో నిండా మార్కులు. గుమ్మం దగ్గర అత్త, లోపల కోడలు. నేరుగా కోడలితో మాట్లాడారు.”

ఆయన చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. తర్వాత చేసిన పని నేను ఊహించలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి, మా అత్త కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, తప్పయిందమ్మా అన్నారు. అంత ఇంగ్లీషున్న మనిషికి అది సులువు కాదు. ఆ ఒక్కదానికి ఆయన తప్పుల ఖాతాలో కొంత తగ్గించాను.

మా అత్త ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “మాట్లాడేది పద్మతోనే గదా బిడ్డా. నన్నొక మాట అడిగితె నేనే పిలుస్తుంటి. పిలిచి, మీరిద్దరు మాట్లాడుకోరి అని నేను పక్కకు పోతుంటి. దాటిపోయినంక నేనెందుకు పోత?”

సార్ జేబులోంచి ఫోను తీసి ఆ మాట రాసుకోవడం నేను చూశాను. తర్వాత ఆయనకు సర్వపిండి దొరికింది. చల్లారినది.

ప్రశ్న మారింది. ‘ముందు అత్తగారిని పలకరించి, ఆమెతోనే కోడలిని పిలిపించుకుని, తర్వాత తల్లితో విడిగా మాట్లాడతాను’ అన్నది సరైన జవాబైంది. తప్పినవాళ్లందరికీ ఆ ప్రశ్న లెక్కలోంచి తీసి మళ్లీ పరీక్ష పెట్టారు. స్వరూప పాసయింది, ఉద్యోగం నిలబడింది. తర్వాత పెద్దాఫీసు సమావేశంలో నెక్స్ట్ సార్ దీన్ని ‘క్షేత్ర పర్యటనలో నాకు కలిగిన ఆలోచన’ అని చెప్పుకున్నారట. ముందు తగ్గించింది మళ్లీ ఖాతాలో వేశాను.

కుర్చీ మారింది

మా అత్త పోయింది. ఆ ప్లాస్టిక్ కుర్చీ అక్కడే ఉంది. ఇప్పుడు దర్వాజ పక్కన అందులో కూర్చునేది నేను. వీధి బాగా కనిపిస్తుంది.

మా అబ్బాయిది ఇక్కడే మొబైల్ షాపు. కోడలు మౌనికకు ఈ మధ్యే పాప పుట్టింది. బాలింత ఇల్లు కాబట్టి ఒకరోజు పొద్దున కార్యకర్త వచ్చింది. ఎవరనుకున్నారు? స్వరూప. ఇప్పుడు తను కొత్తవాళ్లకు నేర్పే స్థాయికి వచ్చింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, పలకరిస్తుందని ముఖం సిద్ధం చేసుకున్నాను. ఆమె, “ఆఁ అత్తమ్మా,” అని చెప్పులు విడుస్తూ నన్ను దాటి, నేరుగా మౌనిక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

ఎవరి కోసం ఆ ప్రశ్న మార్పించానో ఆ మనిషి. నా గుమ్మంలో. నన్ను దాటి.

లోపలినుంచి చాలాసేపు మాటలు వినిపించాయి, మధ్యలో నవ్వులు. మౌనిక అంత మాట్లాడగలదని నాకు తెలియదు. నాతో ఆమె మాటలు తక్కువ. నేను ఏది చెప్పినా శ్రద్ధగా వింటుంది. పాప స్నానానికి నీళ్లు ఎంత వేడి ఉండాలి, పాపను ఏ చేత్తో పట్టుకోవాలి, అన్నీ చెప్పాను. ఎన్నడూ ఎదురు చెప్పలేదు. మంచి కోడలని పదిమందికీ చెప్పుకున్నాను.

స్వరూప బయటికి రాగానే నిలదీశాను. నా ప్రశ్న, నా జవాబు, మరిచిపోయిందా అని.

“మరువలేదు అత్తమ్మా,” అంది, నా పక్కన మెట్టు మీద కూర్చుంటూ. “నిన్నడిగితె నువ్వు పిలుస్తవ్. పిలిచి పక్కకు పోవు. కూసొని పాఠం చెప్తవ్.”

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

“నువ్వు ఒక్కొక్కటి చెప్పి సమజైందా అంటవట. ఆ పిల్ల సమజైంది అత్తమ్మా అంటదట. ఏం సమజ్ గాలేదట. నువ్వు అటు పోంగనే ఫోన్ల చూసుకుంట పోస్తుందట నీళ్లు. ఇయ్యాల నా ముంగట పోసింది. ఒక్క మెడకాడ తప్ప మంచిగనే పోస్తుంది.”

ఇన్నేళ్లు ఊరూరా తిరిగి ఏ మాట అడగొద్దని చెప్పానో, ఆ మాట. నా ఇంట్లో. నా నోటితో. నేను తప్పు చేశానని అనడం లేదు. ఆఫీసులో నేర్చుకున్నది ఇంటి దర్వాజ దగ్గర చెప్పులతో పాటు విడిచిపెట్టానని మాత్రం అంటున్నాను. అలా విడవకూడదని ఏ డిప్లొమాలోనూ చెప్పలేదు. ఆ లోపం గురించి వాళ్లకు రాస్తాను.

రాత్రి నిద్ర పట్టలేదని రాయను, బాగానే పట్టింది. మరునాడు మౌనిక పాపకు నీళ్లు పోసే వేళకు కుర్చీ వదిలి లోపలికి వెళ్లి, చిన్న పీట వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. చూద్దామని వచ్చానన్నాను. ఆమె అనుమానంగా చూసింది. నేను నోరు మూసుకున్నాను. అది ఎంత కష్టమో, ఎన్ని శిక్షణలు ఇచ్చినా నాకు ఇంతకుముందు తెలియదు. ఆమె నీళ్లు మోచేతితో చూసింది. పాపను నేను చెప్పిన చేత్తో కాదు, రెండో చేత్తో పట్టుకుంది. మెడ దగ్గర ఒక్క క్షణం ఆగి, స్వరూప చూపించినట్టుంది, వేళ్లు వెడల్పు చేసింది. పాప ఏడవలేదు. నేను పట్టుకుంటే ఏడ్చేది. అదీ గుర్తుపెట్టుకున్నాను, పాప మీద కూడా.

తుండులో చుట్టి, పాపను నా ఒళ్లో పెడుతూ మౌనిక నా ముఖం వైపు చూసింది. పెదవుల చివర నవ్వు దాస్తూ అడిగింది.

“సమజైందా అత్తమ్మా?”

“సమజైంది బిడ్డా,” అన్నాను.

ఏమీ సమజ్ కాలేదు. రేపు మళ్లీ పీట వేసుకోవాలి.